‘కండ్లు’ అన్న పిల్లకు సున్నా వేశాను

సంపాదకులకు నమస్కారం.

ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినం జరుగుతుంది. మరునాడు జిల్లా పేజీల్లో శిబిరాల ఫొటోలు వస్తాయి. వరుస కుర్చీల్లో ముసలివాళ్లు, వాళ్ల చెవులకు కొత్త మిషన్లు, వెనక నిలబడ్డ పెద్దమనుషులు. ఆ మిషన్లలో కొన్ని ఆరు నెలల తర్వాత చేతిరుమాలులో చుట్టుకుని హనుమకొండలో నా గదికి వస్తాయి. “కూత పెడుతుంది మేడం, పెట్టుకోబుద్ధి అయితలేదు” అంటారు. చెవి కొలత తీసి అచ్చు పోయకుండా తగిలిస్తే మిషను కూయక ఏం చేస్తుంది? దాన్ని అమర్చాలి, సరిచేయాలి, నెలల తరబడి వెంట ఉండి అలవాటు చేయాలి. పదహారేళ్లుగా నేను చేస్తున్నది ఆ పని. అయితే ఈ ఉత్తరం మిషన్ల గురించి కాదు. వినికిడినీ మాటనూ సరిచేసే మా స్పీచ్ థెరపిస్టుల గురించి, మమ్మల్ని ఒక్కచోట కలపాల్సిన మా సంఘం గురించి.

నేను ఈ చదువుకు పోయింది మా నాయన వల్ల. ఆయన బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. మా ఇంట్లో అందరం కొట్లాడుకుంటున్నట్టే మాట్లాడుకునేవాళ్లం. “గొంతు ఇనవడుతది బిడ్డా, మాటే అందది” అనేవాడు. సికింద్రాబాద్‌లో నాలుగేళ్ల కోర్సు చదివేటప్పుడు గానీ ఆ మాటకు అర్థం తెలియలేదు. ఏళ్ల తరబడి మోతలో ఉన్న చెవి ముందుగా సన్నని ధ్వనులను పోగొట్టుకుంటుంది. వినికిడి పరీక్ష గీతలో, అంటే ఆడియోగ్రాంలో, 4000 హెర్ట్జ్ దగ్గర గుంత పడుతుంది. అచ్చుల బరువు అందుతుంది గానీ స, త, ప లాంటి హల్లులు జారిపోతాయి. మా పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పినదాన్ని మా నాయన ఒక్క ముక్కలో చెప్పాడు.

చదువు అయ్యాక నా తోటివాళ్లు చాలామంది హైదరాబాద్‌లోనే ఆగిపోయారు. నేను ఇంటికి వచ్చి రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. మొదటి వారంలోనే అర్థమైంది, నాకు తెలియనిది ఎదురైతే పక్క గదిలో అడగడానికి ఎవరూ లేరని. డాక్టర్లకు పక్క వార్డు ఉంటుంది, టీచర్లకు స్టాఫ్ రూం ఉంటుంది. జిల్లాలో పనిచేసే స్పీచ్ థెరపిస్టుకు తనూ, తన బల్లా, ఎదురుగా ఆశతో చూసే ఒక తల్లీ ఉంటారు, అంతే.

నాకు ఆ పక్క గది మా వృత్తి సంఘమే అయింది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మొదలైంది. ఆ దశాబ్దంలోనే మా వృత్తివాళ్లు ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. మేము ‘ఇషా’ అని పిలుస్తాం. అమెరికాలో ఇలాంటి సంఘం 1925లోనే పుట్టింది. ఏటా మహాసభ జరుగుతుంది, పత్రిక ఉంది, వృత్తి నియమావళి ఉంది. కానీ నన్ను నిలబెట్టింది అవన్నీ కాదు, ఒక సభలో రాసుకొచ్చిన నాలుగు ఫోన్ నంబర్లు.

పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను పరకాల వైపు నుంచి తెచ్చారు. కొడుకు మాట గురించే అడుగుతున్నాడు. ఆయన గ్లాసెడు నీళ్లు తాగి దగ్గాడు. ఆ తర్వాత గొంతు తడితడిగా పలికింది. నాకు అనుమానం వచ్చింది గానీ ధైర్యం చాలలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆ నంబర్లలో ఒకదానికి ఫోన్ చేశాను. అటు ఉన్న పెద్దావిడ, “సాయంత్రాలు జ్వరం వస్తున్నదా, అది అడిగినవా?” అన్నారు. అడిగితే, వస్తున్నదట. పలచనిది గబుక్కున జారి శ్వాసనాళంలోకి పోతున్నది, ఊపిరితిత్తులకు చేటు. రేపు పొద్దున్నే డాక్టర్‌కు చూపించమను, మాట సంగతి తర్వాత చూద్దువు అన్నారు. డాక్టర్ చూశాక ఆమె చెప్పినట్టే చేశాం: పల్చటి నీళ్లు ఆపి చిక్కటి జావ, పడుకోబెట్టి కాదు కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, తిన్నాక అరగంట వరకు పడుకోనివ్వకుండా. స్పీచ్ థెరపిస్టు మింగడం గురించి కూడా చూస్తుందని ఇప్పటికీ చాలా ఇళ్లకు తెలియదు. ఆ రాత్రి ఆ ఫోన్ ఎవరూ ఎత్తకపోయి ఉంటే, నేను ఆయనకు అ, ఆ లు నేర్పుతూ కూర్చునేదాన్ని.

ఇక తలుచుకున్నప్పుడల్లా నన్ను కోసే సంగతి చెబుతాను. మొదటి ఏడాది అయిదేళ్ల పిల్ల ఒకతి వచ్చింది. ఉచ్చారణ పరీక్షకు నేను బొమ్మల కార్డులు పెట్టాను. ‘ళ’ పలుకుతుందో లేదో చూసే కార్డు మీద రెండు కళ్ళ బొమ్మ ఉంది. ఆ పిల్ల టక్కున ‘కండ్లు’ అంది. నేను సున్నా వేశాను. ‘చ’ కోసం చొక్కా బొమ్మ చూపిస్తే ‘అంగి’ అంది. గొడుగు చూపిస్తే ‘ఛత్రి’, మొక్కజొన్న పొత్తు చూపిస్తే ‘మక్కకంకి’. అన్నింటికీ సున్నాలే. కాగితం మీద ఆ పిల్లకు సగం ధ్వనులు రానట్టు తేలింది. వాళ్ల అమ్మ ముఖం మాడిపోయింది. మూడో వారం ఆ పిల్ల నా గది అరుగు మీద కూర్చుని ఇంకో పిల్లతో వస పోసిన పిట్టలా మాట్లాడుతుంటే విన్నాను. ‘ర’ ఒక్కటే కొంచెం బరువుగా తిరుగుతున్నది. మిగతా తప్పులన్నీ నా కార్డులవి, వాటిని నమ్మిన నావి. ఆ పిల్ల తన ఊరి తెలుగు శుభ్రంగా మాట్లాడింది.

మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చే పిల్లల సంగతి ఇంకా కష్టం. ఒక బాబు రొట్టె బొమ్మకు ‘బాటి’ అన్నాడు, అమ్మ బొమ్మకు ‘యాడి’ అన్నాడు. బడిలో మాట్లాడడని, మాట వెనకబడిందని పంపించారు. ఆ బాబుకు లంబాడీల మాట గోర్ బోలీ వచ్చు, చక్కగా వచ్చు. రాంది తెలుగు, అది కూడా బడికి వచ్చి ఆరు నెలలే. ములుగు కోయ పిల్లలకూ ఇదే జరుగుతున్నది. నిజంగా మాట వెనకబడిన పిల్లను ఎట్లా పట్టుకోవాలో తెలియాలంటే ముందు ఆ పిల్ల ఇంటి మాట మనకు తెలియాలి. దీనికి నా ఒక్కదాని గది చాలదు.

ఒక సభలో చివరి గంటలో లేచి ఈ సంగతి అడిగాను. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఒకరు వెనక్కి తిరిగి, “మాటలు నువ్వే పోగుచెయ్, మేము చూస్తం” అన్నారు. పోగుచేశాను. నర్సంపేట సంతలో, బస్టాండులో, మా ఇంటి పక్క అంగన్వాడీలో, మూడేళ్లు. రెండు వందల పేజీల నోటుబుక్కు నిండింది. ఏ ధ్వనికి ఏ బొమ్మ పెడితే మన పిల్లలు ఆ మాటే అంటారో అందులో ఉంది. అది ఇంకా నా బీరువాలోనే ఉంది. ఒక్కరు రాసింది పరీక్ష అవదు. వందల మంది పిల్లల దగ్గర సరిచూడాలి, వయసు వారీగా లెక్క కట్టాలి. అది సంఘం చేయాల్సిన పని.

సంఘం అంటే కోపం లేదు నాకు, రుణం ఉంది. కానీ శిక్షణ తరగతులకు మేము పోవాల్సింది ఎక్కువగా హైదరాబాద్, మైసూరు, ముంబైలకే. మా రిజిస్ట్రేషన్ భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర ఉంటుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి ఈ తరగతుల పాయింట్లు తప్పనిసరి. భూపాలపల్లిలో ఒక్కతే పనిచేసే అమ్మాయి రెండు రోజులు గది మూసి పోవాలి. ఆ రెండు రోజులు రావాల్సిన పిల్లల వారం పోయినట్టే. అదే తరగతి హనుమకొండలో పెడితే ములుగు, జనగామ, మహబూబాబాద్ వాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం ఇళ్లకు చేరుకుంటారు.

ఇంకొకటి. పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. అందులో 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఈ వృత్తి చేయకూడదు. చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా కొద్ది వారాల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ల దగ్గర ఏడాది పోగొట్టుకుని వచ్చే తల్లిదండ్రులు నాకు నెలకు ఇద్దరు ముగ్గురు తగులుతారు. పుట్టిన నెలలో వినికిడి చూడాలి, మూడు నెలలకు లోపం తేల్చాలి, ఆరు నెలలకు చికిత్స మొదలుపెట్టాలి అని మా వృత్తిలో అందరం నమ్మే లెక్క. ఇంట్లో “వాళ్ల నాయనకూ నాలుగేండ్లకే మాట వచ్చింది” అని వస కొమ్ము అరగదీసి నాకించే లోపే సగం కాలం పోతుంది. మిగిలినది ఇలాంటివాళ్ల దగ్గర పోతే ఆ పిల్లకు ఎవరు తిరిగి ఇస్తారు? జిల్లాలో రిజిస్టర్ అయిన మా పేర్ల పట్టిక సంఘమే తయారుచేసి ఎంజీఎం ఆసుపత్రిలో, అంగన్వాడీల్లో అంటించాలి. మీ పత్రిక కూడా అచ్చువేయాలని కోరుతున్నాను.

సంఘం పెద్దలు ఈ ఉత్తరం చదివితే ఒకటే అడుగుతున్నాను. సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటాం. ఈసారి ఆ రోజుకల్లా మన మాటల కార్డుల పని మొదలుపెట్టండి, తెలుగుతో పాటు గోర్ బోలీ, కోయ కూడా కలిపి. రెండో ఆదివారాలు నా గది ఖాళీగా ఉంటుంది. ఎనిమిది మంది కూర్చోవచ్చు, చాప వేస్తే పన్నెండు మంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. నోటుబుక్కు కాపీలు నేను తీయించి పెడతాను.

— ఒక స్పీచ్ థెరపిస్టు, హనుమకొండ