నాటికకు ముందు నలభై సాయంత్రాలు: సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న నాటక సమాజానికి ఇరవై రెండేళ్లుగా దర్శకత్వ బాధ్యత చూస్తున్నవాడిని. పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, సాంఘిక నాటికలు కట్టుకుని వెళ్లే సమాజం మాది. మాకు ప్రదర్శన కోసం వేదికలు దొరుకుతున్నాయి. ఆ ప్రదర్శనను తయారు చేసుకోవడానికే చోటు దొరకడం లేదు. ఆ విషయం మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

మా ప్రస్తుత నాటికలో వేదిక మీద కనిపించేవారు ఐదుగురు, కనిపించనివారు ఏడుగురు. తండ్రి పాత్రధారి బస్సు కండక్టరు కనుక, ఆయన డ్యూటీ చార్టు చూసుకున్నాకే మేము రిహార్సల్ వేళ నిర్ణయించుకుంటాము. తల్లి పాత్ర వేసే ఆమె తెనాలి నుంచి వస్తారు. రంగస్థలమే ఆమెకు జీవనాధారం, ఒక్కో సీజనులో నాలుగైదు సమాజాలకు పని చేస్తారు, రాత్రి తొమ్మిదిన్నరకు ఆమెను రైలెక్కించడం మా అందరి బాధ్యత. రంగాలంకరణ చేసే పెద్దాయన ఫ్లెక్సీలు రాకముందు ఊళ్లో గోడల మీద, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసిన చిత్రకారుడు. లైటింగ్ చూసే కుర్రవాడు పగలంతా ఇళ్లలో వైరింగ్ పని చేస్తాడు. సంగీతం అందించేవారు, ఆహార్యం (వేషధారణ, మేకప్) చూసేవారు, సెట్టు మోసి నిలబెట్టే ఇద్దరు, పుస్తకం పట్టుకుని ప్రాంప్టింగ్ చెప్పే రిటైర్డు ఉపాధ్యాయుడు, వీరందరూ కలిస్తేనే ఆ గంటసేపు నాటిక అవుతుంది.

ఈ పని ఎలా జరుగుతుందో ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను. మా నాటికలో తండ్రి కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడుస్తాడు, ఆ నడకలోనే ఇంట్లో సాయంత్రం పోయి చీకటి పడాలి. తొమ్మిది అడుగులు. వెలుతురు ముందే తగ్గితే నటుడి ముఖం పోతుంది, ఆలస్యంగా తగ్గితే ఆయన కిటికీ దగ్గర నిలబడిన కారణమే ప్రేక్షకుడికి అందదు. నటుడి అడుగూ, వెలుతురును తగ్గించే డిమ్మర్ మీద కుర్రవాడి చేయీ కలవాలంటే కనీసం ఇరవై ముప్పై సార్లు ఇద్దరూ కలిసి సాధన చేయాలి. కానీ ఆ కుర్రవాడు అసలైన లైట్లను తాకేది ప్రదర్శన రోజు మధ్యాహ్నమే. ఒక్కో రాత్రి రెండు మూడు నాటికలు ఉంటాయి కనుక, ఆ మధ్యాహ్నం కూడా మా వంతుకు వచ్చేది కొద్ది నిమిషాలు. అంతవరకు అతను నోటితో అంకెలు లెక్కపెడుతూ, ఖాళీ చేతిని గాలిలో దించుతూ అభ్యాసం చేస్తాడు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

ఒక నాటికకు మేము సుమారు నలభై సాయంత్రాలు రిహార్సల్ చేస్తాము. కొన్నాళ్లు ఒక కల్యాణమండపం పై అంతస్తులో చేసుకున్నాము, ముహూర్తాల రోజులు రాగానే ఖాళీ చేయవలసి వచ్చింది. తరువాత ఒక మిత్రుడి డాబా మీదకు మారాము. డాబా మీద ఏడుపు దృశ్యం చేస్తుంటే పక్కింటివారు కంగారు పడి పరుగెత్తుకొచ్చారు, ఆ రోజు నుంచి పెద్ద గొంతుతో పలకవలసిన సంభాషణలన్నీ మెల్లగా చెప్పుకుంటున్నాము. గొంతు విప్పకుండా సాధన చేసిన నటుడు వేదిక ఎక్కాక చివరి వరుసకు వినిపించేలా ఎలా పలకగలడు?

చోటు లేకపోవడం, ఖర్చు పెరగడం చివరికి రచన మీదే పడుతున్నాయి. నాకు తెలిసిన రచయితలు ముందుగానే ఐదు పాత్రలు, వాటిలో ఇద్దరు స్త్రీలు, ఒకే సెట్టు అని గిరి గీసుకుని కలం పడుతున్నారు. మూడో స్త్రీ పాత్ర రాస్తే ప్రయాణ ఖర్చు, పారితోషికం భరించి ఆ నాటిక కట్టే సమాజం దొరకదని వారి భయం, అది నిజం కూడా. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ప్రదర్శించిన నాటి నుంచి మన నాటకం పాత్రల సందడితో బతికింది. నేడు ఒక కుటుంబంలో అక్కనో చెల్లెలినో కథలోంచి తీసేయడానికి రచయితకు కళతో సంబంధం లేని కారణం ఏర్పడింది.

ఈ నేలకు నాటక సమాజాల విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక కుటుంబాలలో నటించేవారే తెరలు లాగారు, రంగులు వేశారు, ఆడపాత్రలను ఆడవారే ధరించారు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో మా తెనాలిలోనే పుట్టింది. కందుకూరి వీరేశలింగం గారి జయంతి అయిన ఏప్రిల్ 16ను ప్రభుత్వమే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నది. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు మా వీధిలోని పిల్లలు కూడా నాటికలు చూశారు, అందుకు కృతజ్ఞులము. అయితే ఈ ఆదరణ అంతా ప్రదర్శన జరిగే రాత్రికే చెందుతున్నది. టికెట్టు ధర 500 రూపాయలు దాటని నాటకానికి జీఎస్టీ మినహాయింపు ఉన్నా, ప్రవేశం ఉచితంగా సాగే పరిషత్తు నాటికకు దానివల్ల ఒరిగేది లేదు.

అందువల్ల నా విన్నపం ఇది. ప్రతి పట్టణంలోను బడి ముగిశాక ఖాళీగా ఉండే ప్రభుత్వ పాఠశాలలు ఉన్నాయి. వాటిలో ఒక్క గదిని సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, కరెంటు ఖర్చు మాత్రమే తీసుకుని, నమోదైన నాటక సమాజాలకు వంతులవారీగా ఇచ్చేలా విద్యాశాఖతో మాట్లాడి ఉత్తర్వు ఇప్పించండి. గదికి, బెంచీలకు పూచీ మేము రాసి ఇస్తాము. అలాగే ప్రభుత్వ కళాక్షేత్రాలు బుక్ కాని రోజులలో, ప్రతి కొత్త నాటికకు ఒక్క పూట అసలు దీపాలతో సాంకేతిక రిహార్సల్ చేసుకునే వీలు కల్పించండి. ఆ ఒక్క పూట మా లైటింగ్ కుర్రవాడికి ఏ బహుమతికన్నా ఎక్కువ.

మరొక మాట. ప్రభుత్వ ఉత్సవాలలో ఇచ్చే పారితోషికం సమాజం పేరున వస్తున్నది. రవాణా, సెట్టు, నటుల ఖర్చులు పోగా చివరికి సెట్టు మోసినవారికి, మేకప్ చేసినవారికి భోజనమే మిగులుతుంది. దర్శకుడిగా ఈ తప్పులో నాకూ భాగం ఉంది. ఇకపై దరఖాస్తులోనే సాంకేతిక నిపుణులందరి పేర్లు రాయించి, వారి వాటాను వేరుగా వారి ఖాతాలకే పంపించే ఏర్పాటు చేయమని కోరుతున్నాను.

సంక్రాంతి నుంచి వేసవి దాకా పరిషత్తుల కాలం కనుక, దానికి కావలసిన రిహార్సల్స్ దసరా తరువాత మొదలవుతాయి. పాఠశాలల విషయంలో ఉత్తర్వు దసరాలోపు వెలువడితే ఈ సీజనుకే అందుకుంటుంది. ఏ అధికారిని కలవాలో, ఏ కాగితాలు ఇవ్వాలో తెలియజేస్తే మా సమాజం మొదటి దరఖాస్తు అదే రోజు సమర్పిస్తుంది.

భవదీయుడు,
ఒక నాటక సమాజ దర్శకుడు,
గుంటూరు జిల్లా