కొత్త పాటకూ ఆణిముత్యానికీ మధ్య ఖాళీ

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో వినవచ్చే తెలుగు పాటల రేడియో కార్యక్రమాల్లో పాత పాటలు తగ్గిపోతున్నాయని ఒకరు, పాతవే ఎక్కువై పిల్లలు వినడం మానేస్తున్నారని మరొకరు మీ పత్రికకు రాసిన ఉత్తరాలు చదివాను. ఇద్దరి మాటలోనూ నిజం లేకపోలేదు గాని, నష్టం ఎక్కడ జరుగుతున్నదో ఇద్దరూ గమనించలేదని నా అభిప్రాయం. నేను క్రమం తప్పక వినే ఒక గంట కార్యక్రమంలో ముప్పావు గంట సేపు ఈ ఏడాదీ నిరుడూ వచ్చిన సినిమాల పాటలే నడుస్తాయి. చివర ‘ఆణిముత్యాలు’ అంటూ ఘంటసాల, సుశీల పాడినవి రెండో మూడో వేసి ముగిస్తారు. నడుమ నలభై ఏళ్ళు కనబడవు. చక్రవర్తి, రమేశ్ నాయుడు, సత్యం, ఇళయరాజా బాణీలు కట్టగా, వేటూరి వంటివారు రాయగా, బాలు, జానకి పాడిన పాటలు, అందులోనూ చాలామటుకు ఈ ఊళ్ళోనే కోడంబాకం, వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో రికార్డయినవి, కొత్తవీ కాక, ఆణిముత్యాలు అనిపించుకునేంత పాతవీ కాక, రెంటికీ చెడ్డాయి.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో కంట్రీ సంగీతం, అంటే అక్కడి పల్లె పాటల్లోంచి పుట్టిన జనరంజక సంగీతం, వినిపించే రేడియో స్టేషన్లు దీనికి ఎప్పుడో ఒక పద్ధతి ఏర్పరచుకున్నాయి. అక్కడ పాటలను సాధారణంగా మూడు అరలుగా విడదీస్తారు. ప్రస్తుతం చార్టుల్లో, అంటే వారం వారం వెలువడే ఆదరణ పట్టికల్లో, ఉన్నవి ‘కరెంట్’, చార్టు దిగిపోయినా జనానికి ఇంకా మొహం మొత్తనివి ‘రికరెంట్’, అంతకంటె పాతవి ‘గోల్డ్’. బాగా నడుస్తున్న కరెంట్ పాట రెండు మూడు గంటలకొకసారి మోగితే, రికరెంట్ పాట రోజుకు ఒకసారో రెండుసార్లో, గోల్డ్ పాట కొన్ని రోజులకొకసారో వస్తుంది. గంటలో వేసే 12, 14 పాటల్లో ఎన్నో పాట ఏ అరలోంచి తీయాలో గడియారం ముఖంలా గీసిన పటంలో ముందే నిర్ణయించి పెడతారు. ఆ ప్రకారం వరుస కూర్చే పని కంప్యూటరుది. శ్రోతకు చెవిన పడని కొత్త పాటకు అటూ ఇటూ అందరూ ఎరిగినవి పెట్టడం, ప్రకటనలు అయిపోగానే బాగా తెలిసిన పాట ఎత్తుకోవడం కూడా ఈ కూర్పులో భాగమే.

ఇందులో మనం నేర్చుకోవలసింది నడిమి అర సంగతి. కంట్రీ పాట ఒక్కోసారి 40 వారాలు దాటినా చార్టులో మెల్లగా పైకి ఎక్కుతూనే ఉంటుంది. దిగిన తరవాత కూడా రికరెంట్ పేరుతో మరికొంత కాలం నిలబడుతుంది. మన పాట సినిమా విడుదలకు ముందు కొన్నాళ్ళు, తరవాత కొన్నాళ్ళు హోరెత్తి, సినిమా థియేటర్లలోంచి పోగానే రేడియోలోంచీ పోతుంది. ఎక్కడానికి దానికి వ్యవధి ఉండదు, దిగాక కాలు మోపడానికి ఒక మెట్టయినా ఉండదు. అటువంటి పాట ఇరవై ముప్పై ఏళ్ళ తరవాత ఆణిముత్యమై ఎలా తేలుతుంది?

అలాగని అక్కడి పద్ధతిని మక్కికి మక్కి తెచ్చుకోమనడం లేదు, ఎందుకంటే వారి గోల్డ్ అర పేరుకు ఉన్నంత పెద్దది కాదు. పాటలో అందరూ గుర్తుపట్టే ఎనిమిది, పది సెకన్ల ముక్కను కొందరు శ్రోతలకు వినిపించి మార్కులు వేయించుకుని, నెగ్గిన కొన్ని వందల పాటలనే తిప్పి తిప్పి వేస్తారు. ప్రధాన స్రవంతి కంట్రీ స్టేషన్లు చాలావాటిలో గోల్డ్ అంటే 1990ల నుంచి ఇటువైపే. అంతకు ముందువి ‘క్లాసిక్ కంట్రీ’ పేరుతో విడిగా నడిచే స్టేషన్ల పాలయ్యాయి. పాత తరం కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ఆల్బమ్‌కు 1998లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ ఆల్బమ్‌ను కంట్రీ రేడియో దాదాపు పట్టించుకోలేదు. దాంతో ఆయన నిర్మాతలు బిల్‌బోర్డ్ అనే సంగీత వ్యాపార పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించి, క్యాష్ మధ్యవేలు చూపిస్తున్న పాత ఫోటో పక్కన, కంట్రీ రేడియో అందించిన అండకు వెటకారంగా ధన్యవాదాలు తెలిపారు. పది సెకన్ల పరీక్ష మనకు అసలే పనికిరాదు. పల్లవి సాదాగా ఉండి అందమంతా చరణంలో దాచుకున్న పాటకు, రెండో చరణానికి ముందు వయొలిన్ల కోసమే జనం వినే ఇళయరాజా పాటకు ఆ పరీక్షలో మార్కులెక్కడివి?

మరో తిరకాసు ఉంది. ఒకే గాయకుడి పాటలు రెండు దగ్గర దగ్గరగా రాకూడదన్నది అక్కడి కంప్యూటరుకు నేర్పిన నియమాల్లో ఒకటి. కంట్రీ సంగీతంలో గాయకుడి పేరే పాటకు చిరునామా కనుక అది వారికి సరిపోతుంది. మనం 1980ల పాటల మీద ఆ నియమం పెడితే, ఒక బాలు పాటకూ మరో బాలు పాటకూ మధ్య అంత ఎడం పాటించి గంట కార్యక్రమం నింపడం ఎవరి తరమూ కాదు. మన పాటలను విడదీయవలసింది సంగీత దర్శకుడి పేరును బట్టి, నడకను బట్టి, యుగళమా ఒంటరి పాటా అన్నదాన్ని బట్టి. ఆ వివరాలు పాట పాటకూ నమోదు చేయాలంటే మొదట్లో శ్రమే గాని, ఒకసారి చేసి పెట్టుకుంటే మళ్ళీ చేయనక్కర్లేదు.

ప్రకటనదారులు కొత్త పాటలే కోరుతారని కార్యక్రమాలు నడిపేవారు అనవచ్చు. సాయంత్రం మౌంట్ రోడ్డు రద్దీలో కారులో కూర్చుని రేడియో పెట్టుకునేవారిలో నలభై, యాభై ఏళ్ళవారు తక్కువేమీ ఉండరు; ఇల్లు, బండి, బీమా కొనేదీ వారే. వారు చదువుకునే రోజుల్లో విన్న పాటలే ఇప్పుడు ఎక్కడా లేనివి.

అందువల్ల కార్యక్రమ నిర్వాహకులకు నా మనవి ఇది: ఆణిముత్యాలను తగ్గించకుండా, కొత్త పాటల వాటాలోంచి గంటకు నాలుగు స్థానాలు 1975 నుంచి 2010 దాకా వచ్చిన పాటలకు కేటాయించండి, వాటిని గంట చివరికి నెట్టకుండా కొత్త పాటల నడుమనే వేయండి, వేసినప్పుడు సినిమా పేరుతో సరిపెట్టకుండా రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు కూడా చెప్పండి.

ఇట్లు,
ఒక శ్రోత,
అయనావరం, చెన్నై