కొత్త ఉపాధ్యాయులకు అనుభవజ్ఞుల తోడు కావాలి

సంపాదకులకు,

2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వెలువడింది. అలా కొలువులో చేరినవారికి ప్రారంభ శిక్షణ అవసరమే అయినా, తరగతి గదిలో రోజూ ఎదురయ్యే చిక్కులను పక్కనే ఉండి విప్పిచెప్పే అనుభవజ్ఞుల తోడు అంతకన్నా అవసరం.

హైదరాబాద్ బ్యాడ్మింటన్ ఇందుకు నిదర్శనం. ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద ఆట నేర్చి, ప్రకాశ్ పదుకోన్ శిక్షణలోనూ రాటుదేలిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ఆ తరువాత గచ్చిబౌలిలోని తన అకాడమీలో ఆయన తీర్చిదిద్దిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం సాధించారు. రియోకు ముందు సింధు ఫోన్‌ను మూడు నెలలు తన దగ్గరే ఉంచుకున్నానని ఆయనే చెప్పారు. (అంత కాఠిన్యం బడుల్లో అక్కర్లేదు లెండి.)

మండలానికి కొందరు సీనియర్ ఉపాధ్యాయులను ఎంపిక చేసి, వారి పీరియడ్లు తగ్గించి, మొదటి ఏడాదంతా వారానికోసారి కొత్తవారి పాఠం చూసి మాట్లాడే బాధ్యతను అప్పగించాలి. తనిఖీ అధికారికి చెప్పుకోలేని ఇబ్బందిని తోటి ఉపాధ్యాయుడికి చెప్పుకోగలరు గనుక, ఈ పరిశీలనను పనితీరు నివేదికలతో ముడిపెట్టకూడదు. ఈ సూచనను విద్యాశాఖ పరిశీలించాలని మనవి.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి