చైనా కత్తుల ప్రేమకథలు: వచ్చే నెల షోల్లో ఏం మారుస్తున్నాం, ఎందుకు

మా 48 సీట్ల హాలుకి వచ్చే అందరికీ నమస్కారం.

నాలుగు ఆదివారాలుగా వేస్తున్న చైనా వూషియా ప్రేమకథల మీద మీరు చీటీల్లో రాసిచ్చిన అభిప్రాయాలన్నీ చదివాం. వూషియా అంటే ఊరూరూ తిరిగే కత్తివీరుల కథలు. గాలిలో తేలడం, నీటి మీద పరుగెత్తడం వాటిలో మామూలే. ఎక్కువ చీటీల్లో ఉన్న మాట ఒకటే: "కళ్లకి విందే గానీ కథ లేదు." ఈ మాటని తేలిగ్గా తీసుకోలేదు. అందులో కొంత తప్పు మా ప్రదర్శనది, కొంత నిజంగానే ఆ సినిమాలది. ఏది ఎవరిదో విడదీసి చెప్పాలనే ఇది రాస్తున్నాం.

ముందు ఒక సంగతి. ఈ సినిమాల్లో ప్రేమించుకున్నవాళ్లు నోరు తెరిచి చెప్పుకోరు. పరువో, ప్రమాణమో, పగో అడ్డుంటుంది. చెప్పుకోవాల్సిందంతా ఫైట్‌లో బయటపడుతుంది. కాబట్టి ఫైట్ సరిగా కనపడకపోయినా, వినపడకపోయినా పోయేది హంగు కాదు, కథే పోతుంది. మేం చేసిన తప్పులన్నీ సరిగ్గా అక్కడే పడ్డాయి.

మొదటిది సౌండ్. 'హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్' (2004) షోకి, మాటలు స్పష్టంగా ఉండాలని సెంటర్ స్పీకర్‌ని 4 డెసిబెల్స్ పెంచాం. మాండరిన్ మాటల్ని మనం తెర కింద చదువుకుంటాం కాబట్టి ఆ పెంపు ఎందుకూ పనికిరాలేదు. పైగా పక్క స్పీకర్లు అణిగిపోయాయి. ఆ సినిమాలో ఎకో గేమ్ గుర్తుందా? గుండ్రంగా నిలబెట్టిన ఢంకాల మధ్య చూపులేని నర్తకి మే (జాంగ్ జీయీ) నిలబడుతుంది. అధికారి లియో (ఆండీ లావ్) గిన్నెలోంచి ఒక గింజ తీసి విసురుతాడు. అది ఏ ఢంకాకి తగిలిందో చెవులతో పట్టుకుని, మే తన పొడవాటి చేతికొంగు విసిరి అదే ఢంకాని కొట్టాలి. ఒక గింజ, తర్వాత ఇంకొన్ని, చివరికి గిన్నెడు గింజలు. దెబ్బ ఎడమ వెనకనుంచి వచ్చిందా, కుడి ముందునుంచి వచ్చిందా అన్నది మన చెవికి తెలిస్తేనే మే ఎంత కష్టం మీద నిలబడిందో అర్థమవుతుంది. మా హాల్లో ఆ శబ్దాలన్నీ తెర మధ్యలోంచే వచ్చినట్టు వినిపించాయి. అప్పుడు మిగిలేది పట్టుబట్టల నాట్యమే. "డాన్స్ బాగుంది, ఎందుకో తెలీదు" అని ఒక చీటీలో ఉంది. ఆ చీటీ రాసినవారిది ఏ తప్పూ లేదు.

రెండోది ఇంటర్వెల్. 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' (2000) నిడివి సరిగ్గా రెండు గంటలు. సగం దగ్గర ఆపాం. అది పెద్దింటి అమ్మాయి జెన్ (జాంగ్ జీయీ) తన గతాన్ని తలచుకునే ఎడారి భాగంలో పడింది. 'లో' అనే బందిపోటు ఆమె దువ్వెన లాక్కుపోతాడు, ఆమె గుర్రమెక్కి ఎడారి అంతా వాణ్ణి తరుముతుంది. టీ తాగి వచ్చి కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇది జరిగిపోయిన కథ అని తెలియలేదు. "కొత్త హీరో ఎక్కణ్ణుంచి వచ్చాడు?" అన్న ప్రశ్న అందుకే వచ్చింది. ఆ 20 నిమిషాలు తెగకుండా చూడకపోతే, పెళ్లిరోజు రాత్రే జెన్ ఇల్లు వదిలి ఎందుకు పారిపోయిందో తేలదు.

మూడోది ప్రొజెక్టర్. ఈ సినిమాలన్నీ సెకనుకి 24 ఫ్రేములతో తీసినవి. మా ప్రొజెక్టర్‌లో కదలికని నునుపు చేసే ఆప్షన్ ఆన్‌లో ఉండిపోయింది. అది రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని తనే పుట్టించి పెడుతుంది. మామూలు సీన్లలో పెద్దగా తెలియదు గానీ తీగల మీద ఎగిరే సీన్లని ముంచేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఆ పని ఎలా చేస్తారో కాస్త చెప్పాలి.

నటి బట్టల కింద నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, తుంటికి రెండు పక్కలా సన్నటి తీగలు తగిలిస్తారు. ఆ తీగలు పైన క్రేన్‌కి కట్టిన కప్పీల మీదుగా అవతలికి వస్తాయి. అక్కడ మనుషులు పట్టుకుని లాగుతారు. తీగల్ని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు. కష్టమంతా సమయం దగ్గరే. ఆమె మోకాళ్లు వంచి నేలని తన్నే క్షణమూ, వీళ్లు లాగే క్షణమూ ఒకటి కావాలి. లాగుడు ముందైతే మోకాళ్లు వంగకుండానే మనిషి లేస్తుంది, తోలుబొమ్మని ఎత్తినట్టుంటుంది. ఆలస్యమైతే గాలిలో ఒక కుదుపు. దిగేటప్పుడు పాదం నేలకి తాకాక తీగ వదులైతే బరువు కనపడుతుంది, కాలు ఇంకా తీగకే వేలాడుతుంటే కనపడదు. 'క్రౌచింగ్ టైగర్'లో ఫైట్లు కూర్చిన యువెన్ వూ పింగ్ బృందం ఈ సమయాన్ని పట్టుకుంది. ఆ ఒక్క క్షణపు విరుపుని మా ప్రొజెక్టర్ నునుపు చేసి చెరిపేసింది. ఇంట్లో టీవీలో చూసేవారు కూడా మోషన్ స్మూతింగ్, లేదా ఏ పేరుతో ఉంటే ఆ పేరుతో ఉన్న సెట్టింగ్‌ని ఆపేయండి. రంగుల్లో 'వివిడ్' మోడ్ కూడా వద్దు. ఎరుపంతా ముద్దకట్టి బట్టల మడతలు పోతాయి.

నాలుగోది సబ్‌టైటిల్స్, అన్నిటికంటే పెద్దది ఇదే. మా తెలుగు సబ్‌టైటిల్స్‌ని ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చూసి రాయించాం. 'క్రౌచింగ్ టైగర్'లో జెన్, షు లియెన్ (మిషెల్ యో) ఒకరినొకరు తోబుట్టువులుగా పిలుచుకుందామనుకుంటారు. ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ఒకటే మాట. మాది పేర్లతోనే నడిపించేసింది. తెలుగులో జెన్ నోట "అక్కా" అని పడితే, తర్వాత ఆ ఇద్దరూ ఆయుధాలు పట్టి ఎదురు నిలిచినప్పుడు తెగిపోయేదేమిటో వేరే చెప్పక్కర్లేదు. అది మార్చాం. 'హీరో' (2002)లో విరిగినకత్తి అనే వీరుడు ఇసుకలో రెండు అక్షరాలు రాసి ఇస్తాడు. వాటి మాటకి మాట అర్థం "ఆకాశం కింద". అంటే లోకమంతా. అమెరికాలో విడుదలైనప్పుడు "మన నేల" అన్న అర్థంలో వేశారు, మేమూ దాన్నే దించాం. దేశభక్తి సినిమాలా అనిపించిందని రాసినవారికి కారణం అదే కావచ్చు. ఇప్పుడు "ఆకాశం కింద ఉన్నదంతా" అని ఉంటుంది. ఇంకొకటి, తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లిష్‌కి పెట్టిన వరుసల ఎడంతో వేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. ఎడం పెంచాం, ఒకసారికి రెండు వరుసలు మించవు. ఈ మూడు సినిమాలూ బాగా వెడల్పాటి ఫ్రేమువి కాబట్టి, అక్షరాల్ని బొమ్మ మీద కాకుండా కింద మిగిలే నల్లపట్టీలోకి దించాం.

ఇవీ మా తప్పులు. ఇక సినిమాల సంగతి. చూడనివారు ఇక్కడినుంచి జాగ్రత్త, కథలు బయటపడతాయి.

'క్రౌచింగ్ టైగర్'లో మొదటి పావుగంట ఫైటే లేదని కొందరు విసుక్కున్నారు. ఆ పావుగంటలో షు లియెన్, లీ మూ బాయ్ (చౌ యున్ ఫ్యాట్) ఎదురెదురుగా కూర్చుని ఒక కత్తి గురించి మాట్లాడుకుంటారు. తర్వాత తెలుస్తుంది: షు లియెన్‌కి నిశ్చయమైన వరుడు మూ బాయ్‌కి ప్రమాణంతో అన్నదమ్ముడైనవాడు, చనిపోయాడు. అతని మీద గౌరవంతో వీళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఒక్క మాట దాచుకుని బతుకుతున్నారు. ఇది మనసులో పెట్టుకుని మొదటి ఫైట్ చూడండి. రాత్రి, ముసుగు దొంగ (అది జెనే) ఆ కత్తి ఎత్తుకుని కప్పుల మీదుగా పారిపోతుంటే షు లియెన్ వెంటపడుతుంది. టాన్ డన్ సంగీతంలో అక్కడ ఢంకాల దరువే. ఆమె చేతులకంటే కాళ్లని గమనించండి. దొంగ ఎగరబోయిన ప్రతిసారీ పాదం తొక్కిపట్టి కిందికి లాగుతుంటుంది. ఒకరికి ఎగిరిపోవాలని ఉంది, ఇంకొకరు కట్టుబాట్లకి కట్టుబడి నేల మీదే ఉన్నవారు. రెండు గంటల కథ ఆ రెండు నిమిషాల్లో ఉంది, మాట లేకుండా.

తర్వాత ఇద్దరి మధ్య ఆయుధాల ఫైట్. షు లియెన్ జంట కత్తులు, బల్లెం, కొక్కేల కత్తులు మారుస్తూ పోతుంది. జెన్ చేతిలోని కత్తి ఒక్కోదాన్నీ నరికేస్తుంటుంది. మధ్యలో ఆ కత్తి మీదికి చేయి పోతే, అది మూ బాయ్‌ది, ముట్టుకోవద్దంటుంది షు లియెన్. సినిమా మొత్తంలో ఆమె ప్రేమని అంత సూటిగా ఒప్పుకున్న చోటు ఇంకోటి లేదంటే లేదు. చివరికి విరిగిన కత్తితోనే జెన్ మెడ దగ్గర ఆగుతుంది, చంపదు. ఆ ఫైట్ అయ్యాక ఆ ఇద్దరూ ముందున్న చోట లేరు. మేం ఈ సినిమాల్ని కొలిచే కొలత ఇదే: ఫైట్ మొదలైనప్పుడు ఇద్దరి మధ్య ఉన్న సంబంధం, ముగిసేసరికి మారిందా లేదా?

ఈ కొలతకి 'హీరో' మనం అనుకున్నదానికంటే గట్టిగా నిలబడుతుంది. "ఒకే కథ మూడుసార్లు చెప్పారు" అన్నారు. నిజమే, చెప్పేవాడు మారుతుంటాడు. ఎర్రరంగు కథ పేరులేని వీరుడు (జెట్ లీ) రాజుకి చెప్పింది. అసూయ, వంచన, పసుపుపచ్చ ఆకుల మధ్య ఇద్దరు స్త్రీల పోరు, ఒకరు చనిపోగానే ఆకులన్నీ ఎర్రబడటం. నీలం, రాజు ఊహించింది. తెలుపు, జరిగింది. అన్నిటికంటే కళ్లు చెదిరేలా ఉన్న ఎర్రకథ పచ్చి అబద్ధం. రాజు దాన్ని పట్టేస్తాడు కూడా, తనని చంపాలని చూసిన ఆ వీరులు అంత అల్పులు కారని అతనికి తెలుసు. నిజం మాత్రం ఎడారిలో, తెల్లబట్టల్లో, అలంకారమేమీ లేకుండా జరుగుతుంది. దర్శకుడు జాంగ్ ఈమో ఇక్కడ హంగునే సాక్ష్యంగా వాడాడు. మన తెర మీద తెలుపు పసుపుగా తిరిగితే ఈ లెక్కంతా తప్పుతుంది, అందుకే ప్రతి 'హీరో' షోకి ముందు రంగుల కొలత సరిచేస్తాం. ఇక జియుజాయ్‌గౌ సరస్సు మీద పోరులో ఒక్క నీటిబొట్టుని చూడండి. పక్కనే పడుకోబెట్టిన ప్రియురాలి చెంప మీద ఆ బొట్టు పడుతుంది. విరిగినకత్తి పోరు మధ్యలో ఆగి, వెళ్లి తుడుస్తాడు. దాంతో పోరు ముగిసింది. లోకం ఏకం కావడానికి ఎన్ని ప్రాణాలైనా పోవచ్చన్నట్టు సాగే ముగింపుతో మాత్రం మాకు పొసగదు.

'హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్' మీద మీ ఫిర్యాదులో సగం న్యాయమే. మే గుడ్డిది కాదని, లియో ఆమె పాత ప్రియుడని, అతనూ ఆమెలాగే తిరుగుబాటుదారేనని వరసగా తేలతాయి. ఇంతకీ సర్కారు సైన్యం వెదురువనంలోకి చొచ్చుకొస్తుంది, తర్వాత ఏమైంది? సినిమా చెప్పదు. మే, లియో, ఇంకో అధికారి జిన్, ఈ ముగ్గురి మధ్య ప్రేమే చాలనుకుని యుద్ధాన్ని వదిలేసింది. దీనికి ఒక బాధాకరమైన నేపథ్యం ఉంది. ముఖ్యపాత్ర వేయాల్సిన అనితా మూయ్ 2003 డిసెంబరులో కన్నుమూశారు. వేరొకరిని పెట్టకుండా ఆ పాత్రనే తీసేసి కథ మార్చారు, సినిమాని ఆమెకి అంకితమిచ్చారు. చివరి పోరుకి ఉక్రెయిన్‌లో షూటింగ్ చేస్తుంటే మంచు ముందే కురిసింది, దాన్ని సినిమాలోకి తీసుకున్నారు. శరదృతువులో మొదలైన పోరు మంచులో ముగుస్తుంది. ఆ ముగింపులో, బాకు దిగి పడిపోయిన మే మళ్లీ లేచినప్పుడు హాల్లో నవ్వులు వినిపించాయి. అది దర్శకుడు చేజేతులా తెచ్చుకున్నది. శరీరానికి గాయం ఎంతో సినిమా ముందే లెక్క చెప్పి, ఆ లెక్క తనే తప్పింది. అయినా దీన్ని తీసేయడం లేదు. రెండోసారి చూస్తే ఎకో గేమ్ మారిపోతుంది: మే, లియో మూడేళ్లుగా ఎడబాసిన ప్రేమికులు, అందరి ముందూ ఒకరికొకరు తెలియనట్టు నటిస్తున్నారు. ఒక్కో గింజా ఒక్కో మాట.

తీసేస్తున్నది 'కర్స్ ఆఫ్ ద గోల్డెన్ ఫ్లవర్' (2006). త్సావ్ యూ రాసిన 'తుఫాను' నాటకం దానికి మూలం, ఒక ఇంట్లో నలుగురి గొంతు పిసికే కథ. బంగారు కవచాల సైన్యాలు, చేమంతుల మైదానం ఆ ఇంటిని కప్పేశాయి. మా కొలతకి అది నిలబడలేదు. దాని బదులు రోనీ యూ 'ద బ్రైడ్ విత్ వైట్ హెయిర్' (1993) వేస్తాం, గంటన్నర సినిమా. 'క్రౌచింగ్ టైగర్' తీసిన ఛాయాగ్రాహకుడు పీటర్ పావ్, 'హీరో'కి బట్టలు కుట్టించిన ఎమీ వాడా ఇద్దరూ అంతకుముందే ఇందులో పనిచేశారు. ప్రియుడు తనని నమ్మలేదని తెలిసిన క్షణంలో ఆమె జుట్టు తెల్లబడుతుంది. హంగు, కథ ఒకే క్షణంలో.

వరస: మొదటి ఆదివారం 'క్రౌచింగ్ టైగర్', రెండో వారం 'బ్రైడ్', మూడో వారం 'హీరో', నాలుగో వారం 'డాగర్స్'. సాయంత్రం 6 గంటలకి. ఇంటర్వెల్ ఉండదు. క్యాంటీన్ 5 గంటలకే తెరుస్తాం, షో అయ్యాక కూడా అరగంట ఉంటుంది. ఇంటర్వెల్ అమ్మకాలు పోతాయి కాబట్టి టికెట్ 150 నుంచి 180 రూపాయలు చేస్తున్నాం, వేరే దారి దొరకలేదు. గత నెల 'క్రౌచింగ్ టైగర్', 'డాగర్స్' షోల టికెట్ ఉన్నవారు దాన్ని చూపించి అదే సినిమాకి ఉచితంగా రావచ్చు, సీటు కోసం శుక్రవారంలోగా ఫోన్ చేయండి. 'డాగర్స్'కి ముందు వరసలు వద్దు. పక్క స్పీకర్లని సరిచేసింది నాలుగు, ఐదు వరసల మధ్య సీట్లని బట్టి. గింజ ఏ ఢంకాకి తగిలిందో అక్కడ కూర్చుంటే కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.