కొలంబో వెళ్తున్న మిత్రునికి

పాలకొల్లు

ప్రియమిత్రమా,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. సంక్రాంతి వెళ్ళాక రొయ్యల మేత వ్యాపారుల సమావేశానికి కొలంబో వెళ్తున్నావనీ, గురువారం మధ్యాహ్నానికల్లా ఆ పని ముగుస్తుందనీ, ఆదివారం రాత్రి తిరుగు విమానమనీ, ఈ మధ్యలో చెల్లెమ్మకు శ్రీలంక అంతా చూపించి తీసుకురావాలని ఉందనీ రాశావు. "అంతా" అన్న మాట దగ్గర ఆగి నవ్వుకున్నాను. ఆ దేశ వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన రాష్ట్రంలో సగం కూడా లేదు కనుక, పటం ముందేసుకున్న ప్రతివారికీ రెండు రోజుల్లో చుట్టి రావచ్చుననే అనిపిస్తుంది. అయితే ఆ మధ్యభాగమంతా కొండలు. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లే అయినా కారులో మూడు గంటల పైమాటే పడుతుంది. క్యాండీ దాటాక గంటకు ముప్ఫై కిలోమీటర్లు సాగితే డ్రైవరును మెచ్చుకోవాలి.

మా వియ్యంకుడుగారి సంగతి నీకు తెలుసు కదా. ఒక టూరు కంపెనీ వారు నాలుగు రాత్రుల్లో కొలంబో, సిగిరియా, త్రింకోమలీ, క్యాండీ, గాల్ అన్నీ చూపిస్తామంటే డబ్బు కట్టి వెళ్ళారు. వారు మాట తప్పలేదు, అన్నీ చూపించారు. తిరిగి వచ్చాక ఏమి చూశారండీ అని అడిగితే, హోటళ్ళలో ఉదయం ఫలహారాలు దివ్యంగా ఉన్నాయని మాత్రం చెప్పగలిగారు. తక్కిన కాలమంతా వ్యానులో నిద్రపోయారు పాపం.

అందుచేత నీవు పంపిన జాబితాను నిర్దాక్షిణ్యంగా కోసేస్తున్నాను, కోపం తెచ్చుకోకు. నెగొంబోలో సముద్రతీరం, బెంతొటలో నది మీద పడవ షికారు, చిలాపంలో రొయ్యల చెరువులు అని రాశావు. భీమవరంలో పుట్టి, పొద్దున లేస్తే చెరువు గట్టు మీద ఉండేవాడివి, విమానమెక్కి వెళ్ళి మళ్ళీ ఏరేటర్లు తిరుగుతుంటే చూస్తావా? వ్యాపారరీత్యా అవసరమైతే అది వేరే విషయం. కొబ్బరిచెట్ల మధ్య పడవ కావాలంటే మనకు దిండి ఉంది, ఇసుకతిన్నెలూ అలలూ కావాలంటే అంతర్వేది ఉంది. శ్రీలంక తీరప్రాంతం నిస్సందేహంగా అందమైనదే, కానీ ఆ అందంలో నూటికి ఎనభై పాళ్ళు మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. చేతిలో ఉన్నది మూడు పగళ్ళు అయినప్పుడు, ఇంటి దగ్గర ఏది లేదో దానినే చూడాలన్నది నా అభిప్రాయం. మన గోదావరి సీమలో లేనివి రాయి, ఎత్తు, చలి. ఇల్లు కట్టుకోవాలంటే కంకర సైతం బయటినుంచి తెప్పించుకునేవాళ్ళం మనం. కాబట్టి కొలంబోలో ఒక్క పూట కూడా వృథా చేయక, నేరుగా కొండల మీదికి పోవడం మంచిది.

రాయి అన్నాను కనుక నీకు వెంటనే సిగిరియా గుర్తుకు వస్తుంది. మైదానం మధ్యలో నిట్టనిలువుగా లేచిన ఆ బండ మీద అయిదో శతాబ్దిలో కాశ్యపుడనే రాజు కోట కట్టుకున్నాడు. సగం ఎత్తులో గోడకు అప్సరసల వంటి స్త్రీల వర్ణచిత్రాలు ఉన్నాయి, వాటిని ఫొటో తీయనివ్వరు. పై అంతస్తుకు వెళ్ళే దారి మొదట్లో రెండు పెద్ద సింహపు పాదాలు ఉంటాయి. ఒక్కొక్క గోరు దగ్గర నిలబడితే మనిషి చిన్నబోతాడు. మెట్లు సుమారు పన్నెండు వందలు. అన్నవరం కొండ నడిచి ఎక్కిన చెల్లెమ్మకు అది కష్టం కాదు, నీ మోకాళ్ళ సంగతే అనుమానం. ఇంత చెప్పి దానిని వదిలేయమంటున్నాను, ఎందుకంటే అది ఉత్తరాన ఉంది, తేయాకు కొండలు దక్షిణాన ఉన్నాయి. రెండూ పెట్టుకుంటే మా వియ్యంకుడుగారి యాత్రే అవుతుంది. రెంటిలో ఒకటే అంటే నేను కొండలకే ఓటు వేస్తాను; బండ ఒక పూటలో చూసి దిగివచ్చేది, కొండల్లో మాత్రం పగలూ రాత్రీ ఉండవచ్చు.

గురువారం భోజనం కాగానే కారు ఎక్కండి. డ్రైవరుతో సహా కారును మొత్తం ప్రయాణానికి మాట్లాడుకోవడమే అక్కడి పద్ధతి. సాయంత్రం ఆరున్నరకు క్యాండీ దంతమందిరంలో పూజ జరుగుతుంది, దానికి అందుకోగలిగితే బాగుంటుంది. బుద్ధుని దంతధాతువు ఉన్న గది తలుపు పూజవేళ కొద్దిసేపే తెరుస్తారు. దంతం కనబడదు, దానిని దాచిన బంగారు కరండం మాత్రం దూరం నుంచి కనబడుతుంది. కింద డప్పులు మోగుతుంటాయి, తెల్లబట్టలు కట్టుకున్న ఆడవారు కలువపూలు పట్టుకొని చడీచప్పుడు లేకుండా వరుసలో కదులుతుంటారు. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకోవాలి. బుద్ధవిగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగడం అక్కడ పెద్ద అపచారం, నీ అలవాటు తెలిసి చెబుతున్నాను.

మందిరం ఎదుట చెరువు ఒకటి ఉంది. దానిని 1807లో తవ్వించినవాడు క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. ఇతడు నాయక వంశీకుడు. మన తెలుగు మూలాలున్న మధుర నాయకుల బంధువర్గమే 1739 నుంచి 1815 వరకూ ఆ సింహళ రాజ్యాన్ని ఏలింది. ఆంగ్లేయులు ఇతణ్ణి పట్టుకొని వేలూరుకు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. చెరువు గట్టు మీద నడుస్తూ ఈ కథ చెల్లెమ్మకు చెప్పు, వినడానికి బాగుంటుంది.

శుక్రవారం ఉదయం పెరదేనియ ఉద్యానవనం తెరిచే వేళకే వెళ్ళండి. 1821లో మొదలైన ఈ తోట 147 ఎకరాలు ఉంటుంది, మహావేలి నది దాని చుట్టూ మూడు వైపులా వంపు తిరిగి పారుతుంది. కడియం నర్సరీలలో కుండీ మొక్కలుగా మనం కొనుక్కునే జాతులు అక్కడ మానులై నిలబడి ఉంటాయి. జావా మర్రి నీడలో ఒక ఊరి సంత పెట్టుకోవచ్చు. అయినా రెండు గంటలకు మించి ఉండకండి, రంబొడ మీదుగా కొండ మీది నువర ఎలియా ఊరికి పోయే దారి మీకోసం ఎదురుచూస్తుంటుంది.

ఈ దారి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఇక్కడ మన నేలకు వాలు ఎంత ఉందో కంటికి తెలియదు. కాలువ నీరు ఏ వైపు పారుతున్నదో తెలియాలంటే గుర్రపుడెక్క ఏ వైపు కొట్టుకుపోతున్నదో చూడాలి. అక్కడ ఇంటి వెనుక వంకాయ రాలితే లోయలోకి దొర్లిపోతుంది. అంతటి వాలులో కూడా మనుషులు మెట్లు మెట్లుగా చదును చేసి క్యాబేజీ, క్యారట్, లీక్స్ పండిస్తున్నారు, వాటి పైన కొండ నెత్తి దాకా తేయాకు పరుచుకొని ఉంటుంది. నీవు వ్యవసాయం తెలిసినవాడివి కనుక కారు ఆపించి ఒక మడి దగ్గర కాసేపు నిలబడు. పూర్వం అక్కడ కాఫీ పండించేవారట. 1869లో ఆకులకు తెగులు తగిలి కాఫీ తోటలు క్రమంగా నాశనమయ్యాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1867లో, జేమ్స్ టైలర్ అనే స్కాట్లండు దేశీయుడు లూల్‌కందుర తోటలో 19 ఎకరాల్లో తేయాకు వేసి ఉండబట్టి సింహళానికి మరో పంట దొరికింది. ఆ తోటలలో చాకిరీ చేయడానికి ఆంగ్లేయులు దక్షిణాది నుంచి తమిళులను తీసుకువెళ్ళారు. ఇప్పటికీ ఆకు కోసే ఆడవారిలో అత్యధికులు వారి సంతతివారే. చెన్నైలో నీవు నేర్చిన తమిళంతో రెండు మాటలు మాట్లాడి చూడు, మొహాలు విప్పారుతాయి.

దారిలో తేయాకు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, ఏదో ఒకదానిలో దిగండి. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున కోసి తెచ్చిన పచ్చి ఆకును పై అంతస్తులో పొడవాటి జల్లెడ తొట్లలో పరిచి, కింది నుంచి గాలి కొట్టి, రాత్రంతా వాడబెడతారు. చేతిలోకి తీసుకుంటే తోలులా మెత్తగా ఉంటుంది, నలిపినా విరగదు. తరువాత గుండ్రంగా తిరిగే యంత్రంలో వేసి నలుపుతారు. అప్పుడు బయటికొచ్చిన రసానికి గాలి తగిలి ఆకుపచ్చ ముద్ద కాస్తా చూస్తుండగానే రాగిరంగులోకి దిగుతుంది. సరిగ్గా ఆ గది దగ్గర ఆగు. పచ్చగడ్డి వాసనా పండ్ల వాసనా కలిసినట్టు ఒక పరిమళం ఉంటుంది, కప్పులో టీకి అది ఎప్పటికీ రాదు. ఆరబెట్టి జల్లించాక మిగిలే సన్నని దుమ్ము ధూళే మన కొట్లలో కాగే టీలకు వాడేది. కౌంటరులో అమ్మకానికి పెట్టిన రకాలన్నీ కొనమని చెల్లెమ్మ అంటుంది, ఒక రకం చాలునని చెప్పు.

రాత్రికి నువర ఎలియా. ఎత్తు 1,868 మీటర్లు, తెల్లవారుజామున మన ధనుర్మాసపు చలి ఏ మూలకూ రాదు. స్వెట్టర్లు మరచిపోవద్దు.

శనివారం పొద్దున్నే సీతా ఎలియా గుడికి వెళ్ళండి, ఊరికి దగ్గరే. చిన్న వాగు ఒడ్డున రంగురంగుల గోపురం, వాగులో బండమీద గుంటలను హనుమంతుని అడుగులని చూపిస్తారు. మన గోదావరి ఒడ్డున పర్ణశాలలో ఎత్తుకుపోయిన సీతమ్మను అక్కడే ఉంచారని నమ్మకం కదా. పర్ణశాల చూసిన చెల్లెమ్మ ఆ రెండో చివర కూడా చూసినట్టవుతుంది.

ఆ తరువాత రైలు. క్యాండీ నుంచి ఎల్లా అనే కొండ ఊరి దాకా మొత్తం రైలులోనే పోవాలని అందరూ చెబుతారు, దానికి ఆరేడు గంటలు పడుతుంది. నీకు అంత తీరిక లేదు కనుక నువర ఎలియా కింద ఉన్న నాను ఓయా స్టేషనులో ఎక్కు. అక్కడి నుంచి ఎల్లాకు మూడు గంటల లోపే, మంచి భాగమంతా అందులోనే ఉంది. సామాను కారులో ఉంచి డ్రైవరును ఎల్లా స్టేషనుకు రమ్మంటే చేతులు ఊపుకుంటూ ప్రయాణం చేయవచ్చు. ఏసీ పెట్టె వద్దు, దాని కిటికీలు తెరుచుకోవు; రెండో తరగతి రిజర్వేషను అడుగు. టికెట్లు నెల ముందు తెరవగానే అయిపోతాయి, ఆ పని ఈ వారమే చూసుకో. వానలకు చరియలు విరిగిపడి ఆ లైను ఆగిపోవడం కూడా కద్దు కనుక, బయలుదేరే ముందు రైలు నడుస్తున్నదో లేదో కనుక్కో. నడవకపోతే అదే కారులో ఎల్లా చేరవచ్చు. పట్టిపొళ స్టేషను దగ్గర ఆ దేశపు రైలుమార్గం సుమారు 1,900 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, ఆపైన దిగుడే. సొరంగానికి ఇవతల మబ్బు, అవతల ఎండ. పూర్వం మన రైళ్ళలో చూసిన టోకెను వలయాన్ని, అంటే ఒంటిలైను మీద నడవడానికి అనుమతిగా ఇచ్చేదానిని, డ్రైవరు స్టేషను మాస్టరుకు అందించడం అక్కడ చూడవచ్చు. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగేవారు చాలామంది కనబడతారు, ప్రమాదాలు జరుగుతూనే ఉంటాయి. నీవు బుద్ధిగా కిటికీ దగ్గర కూర్చో.

ఎల్లాలో సాయంత్రం తొమ్మిది కమానుల వంతెన దగ్గరికి నడిచి వెళ్ళండి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఉక్కు దొరకక రాయి, ఇటుక, సిమెంటుతోనే కట్టారని అక్కడివారు చెప్పుకుంటారు. దాదాపు మూడు కిలోమీటర్ల హేవలాక్ వంతెనను చూసి పెరిగిన మనకు 91 మీటర్ల పొడవు లెక్కలోనిది కాదు, కానీ అది లోయ మీద వంపు తిరిగిన తీరు చూడదగినది. రైలు ఏ వేళకు వస్తుందో మీ బసలో అడిగి బయలుదేరండి.

ఆదివారం చీకటి ఉండగానే లేచి లిటిల్ ఆడమ్స్ పీక్ ఎక్కాలి. ఎత్తు 1,141 మీటర్లే, తేయాకు తోటల మధ్య ముప్పావుగంట నడక, చివర కొన్ని మెట్లు. సూర్యోదయం అయ్యాక కూడా వెంటనే దిగకు. పొగమంచు విడిపోయి ఎదుటి కొండల సందులోంచి దక్షిణపు మైదానం బయటపడడానికి సమయం పడుతుంది. స్నానం, ఫలహారం ముగించి పదకొండుకల్లా బయలుదేరండి. వెల్లవాయ దారిలో రావణ జలపాతం రోడ్డు పక్కనే ఉంది, పది నిమిషాలు చాలు. దిగువన మత్తల దగ్గర ఎక్స్‌ప్రెస్ హైవే అందుకుంటే, కొండదారిన వెనక్కి రానవసరం లేకుండా కొలంబో దగ్గరి కటునాయకె విమానాశ్రయానికి సాయంత్రానికల్లా చేరతారు.

భోజనం గురించి ఒక హెచ్చరిక. శనివారాలు నీచు ముట్టని చెల్లెమ్మ కొబ్బరి సంబోలు చూసి మన కొబ్బరి పచ్చడే అనుకుంటుంది, దానిలో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు. కూరలలోనూ, ఒక్కొక్కచోట పప్పులోనూ వేస్తారు. అడిగి తినాలి. మట్టి మూకుడులో తోడుపెట్టిన గేదెపెరుగు మీద కితుల్ పానకం పోసి ఇస్తారు, దానికి అడ్డు చెప్పవలసిన పని లేదు. కితుల్ అంటే మన మారేడుమిల్లి వైపు జీలుగు చెట్టే. కల్లు రుచి నీకు తెలుసు, పానకం రుచి ఇప్పుడు చూస్తావు.

శ్రీలంకలో అడుగుపెట్టడానికి కావలసిన ఈటీఏ అనుమతికి ఆన్‌లైనులో ముందే దరఖాస్తు పెట్టుకో. నీ కొలంబో హోటలు పేరు, విమానం వేళలు తెలిపితే నేను ఎరిగిన కారు డ్రైవరుకు ఫోను చేసి మాట్లాడతాను. కొండదారుల్లో నిదానంగా నడిపే మనిషి. మీ ఆవిడకు మా ఆవిడ ఒక ఊలు శాలువా పంపుతానంటోంది, ఆదివారం భీమవరం వచ్చినప్పుడు తెస్తాను. పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు