ఇంకో జంప్ చెయ్యాలో వద్దో తేల్చాల్సింది మానిటర్ ముందు కూర్చున్నవాళ్లు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మంచు ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. గుల్మార్గ్ గురించి బాగానే రాశారు. కానీ అక్కడికి ప్రకటనల షూటింగులకు వెళ్లే ఫోటోగ్రాఫర్లను డబ్బులిచ్చి మరీ విహారయాత్రకు పంపే అదృష్టవంతులన్నారు. ఆ అదృష్టవంతుల్లో నేనూ ఒకణ్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మాది హిందూపురం, ఉండేది మారతహళ్లిలో. ఏడాదిలో ఎక్కువ కాలం చెప్పులు, ప్రెషర్ కుక్కర్లు, సోఫాల ఫోటోలు తీస్తాను. చలికాలం వస్తే జాకెట్లు, గాగుల్స్, ఎనర్జీ డ్రింకుల ప్రకటనల కోసం ఫ్రీస్టైల్ స్కీయింగ్ తీయడానికి కాశ్మీర్ వెళ్తాను. బెంగళూరులో మంచు పడకపోవచ్చు గానీ ఆ ప్రకటనల ఆలోచన పుట్టేదీ, బిల్లు పాసయ్యేదీ ఇందిరానగర్, కోరమంగళ ఆఫీసుల్లోనే. వాటిలో పనిచేసే మనవాళ్లు తక్కువేమీ లేరు. వాళ్లు మీ పత్రిక చదువుతారనే ఈ ఉత్తరం.

ఫ్రీస్టైల్ అంటే కొండ మీంచి జారుకుంటూ దిగడం మాత్రమే కాదు. మంచుతో కట్టిన ర్యాంప్ మీంచి గాల్లోకి లేచి, తిరిగి, స్కీని చేత్తో పట్టుకుని, మళ్లీ వాలు మీద దిగడం కూడా. ఒలింపిక్స్‌లో మొగల్స్‌కు, అంటే మంచు దిబ్బల మీదుగా దిగే పోటీకి, 1992 నుంచే పతకాలున్నాయి. హాఫ్‌పైప్ (సగం కోసిన గొట్టంలాంటి మంచు కాలువలో అటూ ఇటూ ఎగరడం), స్లోప్‌స్టైల్ (వరసగా ర్యాంపులు, కడ్డీలు దాటుకుంటూ దిగడం) 2014 సోచిలో, బిగ్ ఎయిర్ (ఒకే పెద్ద ర్యాంప్ మీంచి ఎగరడం) 2022 బీజింగ్‌లో చేరాయి. ఆ బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌ది గుల్మార్గ్ ప్రాంతమే, అయితే ఆయనది ఆల్పైన్ స్కీయింగ్, అంటే జెండాల మధ్య నుంచి వేగంగా కిందికి దిగే పందెం. మా షూటింగుల్లో ఎగిరేది మాత్రం గుల్మార్గ్ కొండ కింద ఉన్న టంగ్‌మార్గ్ ఊరి కుర్రాళ్లు, వాళ్ల పేరు ఎక్కడా పడదు. మిగతా రోజుల్లో టూరిస్టులకు స్కీయింగ్ నేర్పుకుంటూ బతుకుతారు. డిసెంబరు నుంచి మార్చి దాకా సంపాదించిందే వాళ్లకు ఏడాది పొడుగునా తిండి.

నా కష్టాలు పెద్దవి కావు. తెల్లటి మంచును చూసి కెమెరా మీటర్ మోసపోతుంది, ఎక్స్‌పోజర్ ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచకపోతే మంచు బూడిదరంగులో వస్తుంది. చలికి బ్యాటరీలు ఇట్టే దిగిపోతాయి, అందుకే వాటిని లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటాం. సాయంత్రం గదిలోకి వెళ్లేముందు కెమెరాను జిప్ కవర్లో మూసెయ్యకపోతే లెన్సు నిండా చెమ్మ. మా అమ్మ ఫోన్ చేసి "చెవులకు మఫ్లర్ చుట్టుకున్నావా నాయనా" అనడం తప్ప నా కోసం ఎవరూ టెన్షన్ పడాల్సిన పనిలేదు. అసలు సంగతి ర్యాంప్ దగ్గర ఉంది.

దాన్ని కిక్కర్ అంటారు. పారలతో మంచు పోసి, గట్టిగా తొక్కి, అంచును చెక్కుతారు. స్కీయర్ ఎంత పై నుంచి బయల్దేరాలో రెండు మూడుసార్లు ఎగరకుండా జారి చూసుకుని లెక్క కట్టుకుంటాడు. ఆ లెక్కంతా ఆ గంటలో మంచు ఎలా ఉందన్నదాని మీదే. వేగం సరిపోతే వాలు మీద దిగుతాడు, దెబ్బ కొండవాలే తీసుకుంటుంది. వేగం ఎక్కువైతే వాలు దాటి చదునులో పడతాడు. అప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ల మీదే. మధ్యాహ్నం ఎండకు మెత్తబడిన మంచు, ఆ ఎండ కొండ వెనక్కి పోగానే మళ్లీ గడ్డకడుతుంది, స్కీల వేగం పెరుగుతుంది, పాత లెక్క పనికిరాదు. ర్యాంప్ కింద నిలబడినవాడికి ఈ తేడా చెవికే తెలుస్తుంది. మధ్యాహ్నం మెత్తగా జారిన స్కీలు సాయంత్రం గరగరమంటాయి. టెంట్‌లో మానిటర్ ముందు కాఫీ తాగుతున్నవాళ్లకు ఆ చప్పుడు వినబడదు.

ఒక జాకెట్ షూటింగు సంగతి చెప్తాను. ఏజెన్సీ పేరెందుకు, ఈ ఊరిదే. కుర్రాడు మధ్యాహ్నానికే ముచ్చటగా ఎగిరాడు. ఫ్రేములో అంచూ ఉంది, దిగే చోటూ ఉంది, ఎంత ఎత్తు లేచాడో చూసేవాళ్లకు అర్థమవుతుంది. కానీ ఛాతీ మీద లోగో కనబడట్లేదన్నారు. కనబడదు మరి! ఆ కుర్రాడు చేస్తున్నది మ్యూట్ గ్రాబ్. కుడిచెయ్యి ఛాతీకి అడ్డంగా వెళ్లి ఎడమ స్కీని పట్టుకుంటుంది. ఏ గ్రాబ్ చెయ్యాలి, ఎటువైపు తిరగాలి, కెమెరా ఎటుండాలి అన్నవి ఇక్కడ బెంగళూరులో టేబుల్ మీద కూర్చుని అరగంటలో తేల్చుకోవచ్చు. మీటింగులో నేను అడిగాను కూడా. "లొకేషన్‌లో చూసుకుందాం" అన్నారు. లొకేషన్‌లో చూసుకోవడం అంటే "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ ఆ కుర్రాణ్ని సాయంత్రం దాకా ఎగిరించడమే.

ఎండ తప్పుకుంది. మంచు గట్టిపడిందని నేను వాకీటాకీలో చెప్పాను. ఆ కుర్రాడు నా వైపు చూశాడు, టెంట్ వైపు చూశాడు, "చేస్తాను భాయ్" అన్నాడు. కాదంటే వచ్చే ఏడు పిలవరని వాడి భయం. ఎగిరి, వాలు దాటి చదునులో పడ్డాడు. మోకాలు పోయింది. గుల్మార్గ్‌లో పెద్ద దెబ్బ తగిలితే 50 కిలోమీటర్ల అవతల శ్రీనగర్ వెళ్లాల్సిందే. మంచు పడ్డ రోజుల్లో టంగ్‌మార్గ్ దాకా ఆ ఘాట్‌లో టైర్లకు గొలుసులు కట్టిన బండ్లే నడుస్తాయి. ఆ రోజు కూలి ఇచ్చారు. మోకాలి ఖర్చు వాడి ఇంటివాళ్లు పెట్టుకున్నారు, ఆ సీజన్ సంపాదనా పోయింది. చివరికి వైట్‌ఫీల్డ్ మాల్‌లో పెద్దగా వేలాడదీసిన ఫోటో ఏదనుకున్నారు? మధ్యాహ్నం తీసినదే. లోగోను కంప్యూటర్‌లో సరిచేసుకున్నారు.

ఇది కాశ్మీర్ పేదరికం గొడవ అని కొట్టిపారెయ్యకండి. కెనడాకు చెందిన సారా బర్క్ హాఫ్‌పైప్‌ను ఒలింపిక్స్‌లో చేర్పించడానికి పోరాడిన పేరున్న స్కీయర్. 2012 జనవరిలో అమెరికాలోని పార్క్ సిటీలో సాధన చేస్తూ పడిపోయి, కొన్నాళ్లకే ఆస్పత్రిలో చనిపోయారు. అది స్పాన్సర్ ఏర్పాటు చేసిన కార్యక్రమం కావడంతో క్రీడా సంఘం బీమా వర్తించలేదు. ఆస్పత్రి బిల్లు కోసం స్నేహితులు చందాలు పోగుచెయ్యాల్సి వచ్చింది. ఆమె కోరుకున్న ఆట సోచిలో మొదలైంది, చూడటానికి ఆమె లేదు. అంతటి ఛాంపియన్‌కే ఆ గతి పట్టింది.

మన ఆరోగ్య బీమా పాలసీల్లోనూ ప్రమాదకర, సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొన్నప్పుడు తగిలిన గాయాలకు ఖర్చు ఇవ్వబోమనే నిబంధన ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది గానీ ఉంటుంది. అంటే ప్రకటన కోసం ఎగిరేవాడికి షూటింగు పేరు మీద విడిగా బీమా తీయాలి. బడ్జెట్ షీట్లో డ్రోన్‌కు ఒక వరుస, మేకప్‌కు ఒక వరుస, దిష్టి తీసే గుమ్మడికాయకు కూడా ఒక వరుస చూశాను. బీమా వరుస నేను అడిగితేనే వస్తుంది.

ఫోటోగ్రాఫర్‌గా నాకు పెద్ద అధికారం ఉందనుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాడే. అందుకే ఏం కావాలన్నా ముందే కాగితం మీద పెట్టుకోవాలి. నా పేరూ, వాడకం కాలమూ కొటేషన్‌లో రాసుకోవడం ఎప్పటి నుంచో అలవాటు. ఇప్పుడు స్కీయర్ కోసం కూడా రాస్తున్నాను. ఎన్ని జంపులో ముందే ఒప్పుకోవాలి. ఆపై ఒక్కటి కావాలన్నా అడగడం మీ ఇష్టం, కాదనడం వాడి ఇష్టం. కాదన్నంత మాత్రాన ఆ రోజు డబ్బు తగ్గకూడదు. బీమా కాగితం చూశాకే మొదటి జంప్. మంచు లేక షూటింగు ఆగినా ఖాళీగా కూర్చోబెట్టిన రోజులకు సగం కూలి ఇవ్వాలి. 2024 జనవరిలో గుల్మార్గ్ కొండలు చాలా రోజులు మట్టిరంగులోనే ఉండిపోయాయి. పిలిపించుకున్నవాళ్లు బెంగళూరుకు విమానం ఎక్కేశారు, కుర్రాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

ఈ షరతులు చూసి ఒక ఏజెన్సీ నన్ను పిలవడం మానేసింది. ఇంకో ఇద్దరు క్లయింట్లు చిన్న బేరం ఆడి ఒప్పుకున్నారు. ఏజెన్సీల్లో ఉన్న మనవాళ్లను నేను అడిగేది ఇదే. రాబోయే సీజన్ బడ్జెట్ మీ చేతికి వచ్చినప్పుడు ఆ బీమా వరుస ఉందో లేదో చూడండి. గ్రాబ్ ఏదో, లోగో ఎటో ఆఫీసులోనే తేల్చి, జంపుల సంఖ్య కాల్ షీట్లో వేయించండి. ఫోటోగ్రాఫర్ ఒక్కడే అడిగితే వాణ్ని మార్చేస్తారు. లోపల ఉన్నవాళ్లు కూడా అడిగితే అంత తేలిగ్గా మార్చలేరు.

ఇట్లు,
ఒక కమర్షియల్ ఫోటోగ్రాఫర్,
మారతహళ్లి, బెంగళూరు