చక్రాలు ఉండనీ, సీట్ల సంగతి చూద్దాం

వెస్ట్ మారేడుపల్లి, సికింద్రాబాద్
ఆదివారం మధ్యాహ్నం

బిడ్డా,

ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ కారు మాట ఎత్తగానే నువ్వు "నాన్నా, పాయింటుకి రా" అంటావు, ఆ తొందరలో నేను పాయింటే మర్చిపోతాను. అందుకే కాగితం తీశాను.

నా పుట్టినరోజుకి మన పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఎం.జి.బి.కి అలాయ్ వీల్స్, బకెట్ సీట్లు వేయిస్తానన్నావు. సంతోషం. "ఆ డబ్బుతో వంటింట్లో చిమ్నీ వస్తుంది కదా" అంది మీ అమ్మ. విననట్టు ఊరుకున్నాను.

నువ్వు చెప్పావని మొన్న ఒక టైర్ల షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు జాకీ ఎత్తి, స్పానర్ పట్టుకుని, బోల్టుల కోసం చక్రమంతా వెతికాడు. ఉంటే కదా! మధ్యలో రెండు రెక్కల నట్టు ఒక్కటే. డిక్కీలోంచి రాగి సుత్తి తీసి నాలుగు దెబ్బలు వేస్తే వదిలింది. వాడు వీడియో తీసుకున్నాడు. చక్రం లాగితే, అది కూర్చునే హబ్బు మీద గాడిపళ్లు బయటపడ్డాయి. చక్రం పట్టు అంతా ఆ పళ్లదే. నాలుగు బోల్టుల అలాయ్ దాని మీదికి ఎక్కదు. ఎక్కించాలంటే హబ్బులు మార్చాలి, వెనక యాక్సిల్ జోలికీ వెళ్లాలి, ఎందుకంటే మనదానిలా పుల్లల (స్పోకుల) చక్రాలతో వచ్చిన ఎం.జి.బి.కి యాక్సిల్ పొట్టిగా ఉంటుంది. ఆ గాడిపళ్లకే సరిపోయే అలాయ్‌లు ఇంగ్లండులో దొరుకుతాయి, ఫొటోలు చూశాను. షేర్వాణీ కింద జిమ్ షూ వేసినట్టున్నాయి. నవ్వితే నవ్వుకో.

వెడల్పు టైర్లయితే గ్రిప్ బాగుంటుందని రాశావు. బాగుంటుంది. కానీ పవర్ స్టీరింగ్ లేని బండి అది, ప్యాట్నీ ట్రాఫిక్‌లో తిప్పాల్సింది నా భుజాలు. ఇప్పుడు వేసుకున్నవి 165/80, 14 అంగుళాలు. బేసిక్ మోడల్ స్విఫ్ట్‌కి వచ్చే సైజే. 1967 నాటి ఇంగ్లీషు బండికి టైరు మన వీధి చివర దొరుకుతుంటే నేనెందుకు మారుస్తాను? లోపల ట్యూబు మాత్రం ఉండాలి, లేకపోతే పుల్లల సందుల్లోంచి గాలి పోతుంది.

అసలు రోగం వేరే ఉంది. క్లచ్ వదిలినప్పుడల్లా వెనక నుంచి "కటక్" అంటోంది, గుర్తుందా? పుల్లలు వదులయ్యాయేమోనని ఒక పూటంతా కూర్చుని చిన్న స్పానర్‌తో ఒక్కొక్కటే కొట్టి విన్నాను. చక్రానికి 60, స్టెప్నీతో కలిపి 300. గట్టిగా ఉన్నది "టింగ్" అంటుంది, వదులైంది "టక్" అని ఊరుకుంటుంది. తొమ్మిది దొరికాయి. బుల్లెట్ రిమ్ములు సరిచేసే పెద్దాయన బిగించి ఇచ్చాడు. చప్పుడు పోలేదు. అంటే వెనక హబ్బుల పళ్లే అరిగాయి. తడిమి చూస్తే రంపంలా గుచ్చుకున్నాయి. అవి పూర్తిగా పోతే చక్రానికి ఇంజిన్ పట్టూ ఉండదు, బ్రేకు పట్టూ ఉండదు. హబ్బు ఒక్కటే కొత్తది వేస్తే పాత చక్రం దాన్నీ తినేస్తుంది. కాబట్టి నువ్వు డబ్బు పెట్టాలనే పట్టుబడితే, రెండు వెనక హబ్బులు, వాటికి రెండు పుల్లల చక్రాలు, ఇదే రకం. చూసేవాళ్లకి ఏమీ మారినట్టు కనిపించదు. గిఫ్టు అంటే నీకు వెలితిగా ఉండొచ్చు.

ఇక సీట్లు. ఇక్కడ నేను కొంచెం తలదించుకోవాలి. ఎర్ర లెదర్ ఒరిజినల్ అని ఎన్నేళ్లుగా అందరికీ చెప్పుకున్నానో నీకు తెలుసు. ఇంగ్లండులో గేడన్ అనే ఊళ్లోని కార్ల మ్యూజియం వాళ్లు పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, నేనూ తెప్పించుకున్నాను. అందులో లోపలి రంగు నలుపు అని ఉంది! మనకి అమ్మిన డాక్టరుగారో, ఆయన కంటే ముందువాళ్లో మార్పించేశారు. పుల్లల చక్రాలు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనట. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు.

2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ చదివాను. 50 ఏళ్లు దాటిన బండికి ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. సీట్ల మాట లేదు. కానీ ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఎగ్జిబిషన్లు, ర్యాలీలు లాంటి వాటికి తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. ఆదివారం పొద్దున ఇరానీ చాయ్‌కి వెళ్లడం ఆ లిస్టులో ఎక్కడా కనిపించలేదు, అందుకే అప్లై చేయలేదు.

బకెట్ సీటు వద్దు, దాంట్లోంచి లేవడానికి నన్ను ఎవరో ఒకరు లాగాలి. ఉన్న ఫ్రేములే ఉంచి, కింద సాగిపోయిన రబ్బరు పట్టీలు తీసేసి, కొత్త ఫోమ్ వేయిస్తే నా నడుముకి చాలు. రంగు నలుపు. చిన్నప్పుడు చౌమహల్లాలో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్ చూసి, వెనక సింహాసనం సరే, డ్రైవర్‌కి మామూలు సీటేనా అని అడిగావు. మన డ్రైవర్ సీటు ఇన్నాళ్లూ నా కొలతకే ఉంది. నువ్వు వీపు వెనక దిండు పెట్టుకుని, కాలి వేళ్లతో క్లచ్ తొక్కుతుంటావు. కింద అది జరిగే పట్టాలు తుప్పు పట్టి సీటు ముందుకి రాదు మరి. వాటినీ మార్పిస్తున్నాను.

ఫోమ్ కొయ్యకుండా ఆపమన్నాను. దసరాకి వచ్చినప్పుడు కుషన్ మేస్త్రీ దగ్గర ఒక గంట కూర్చోవాలి. డ్రైవింగ్‌కి వేసుకునే షూ తెచ్చుకో, చెప్పులతో కొలత కుదరదన్నాడు.

నాన్న